హైడ్రాలిక్ క్లచ్ సర్దుబాటు: ఒక చిన్న బోల్టు చెప్పే సాంకేతిక చరిత్ర

4.0 లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• హైడ్రాలిక్ క్లచ్ ఎలా పనిచేస్తుందో, దానిని ఎందుకు సర్దవలసి వచ్చేదో వివరించగలుగుతారు.
• కడ్డీల పద్ధతి నుంచి ద్రవ పద్ధతికి జరిగిన మార్పుకు గల చారిత్రక కారణాలను గుర్తించగలుగుతారు.
• మరమ్మతు పుస్తకాన్ని చారిత్రక ఆధారంగా చదవడం, అది చెప్పని విషయాలను ప్రశ్నించడం నేర్చుకుంటారు.

4.1 ఉపోద్ఘాతం

చరిత్రకు ఆధారాలు ఏమిటని అడిగితే మనకు వెంటనే తట్టేవి శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ రికార్డులు. ఇరవయ్యో శతాబ్దపు చరిత్రకు ఇవి చాలవు. ఆ శతాబ్దంలో కోట్లాది మంది యంత్రాలతో బతికారు. వాటిని నడిపారు, విప్పారు, బిగించారు. ఆ పనికి సంబంధించిన జ్ఞానంలో ఎక్కువ భాగం కాగితం మీదికి ఎక్కలేదు. అది యంత్రంలోనూ, పనివాడి చేతుల్లోనూ ఉండిపోయింది.

ఈ పాఠ్యభాగంలో అటువంటి ఒక ఆధారాన్ని పరిశీలిద్దాం. అది 1959లో బ్రిటన్‌లో వెలువడిన ‘మినీ’ అనే చిన్న కారులోని క్లచ్ సర్దుబాటు బోల్టు. పొడవు వేలెడంత కూడా ఉండదు. దానిని స్పానర్‌తో కొద్దిగా తిప్పి అర మిల్లీమీటరు ఖాళీ సరిచేయాలి. ఈ పని ఎందుకు పుట్టింది, ఎవరు చేశారు, చివరికి ఎందుకు మాయమైంది అన్నవి మన ప్రశ్నలు. యంత్రాల గురించి మీకు ముందుగా ఏమీ తెలియకపోయినా ఇబ్బంది లేదు. అవసరమైనంత వరకు ఇక్కడే తెలుసుకుందాం.

4.2 క్లచ్ చేసే పని

ఇంజను ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. చక్రాలు మాత్రం కొన్నిసార్లు తిరగాలి, కొన్నిసార్లు ఆగాలి. గేరు మార్చేటప్పుడు ఈ రెండింటినీ క్షణకాలం విడదీయాలి. ఆ పని చేసేదే క్లచ్. ఇంజను చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. దానికి ఆనుకొని, రెండు వైపులా రాపిడి పూత గల క్లచ్ ప్లేట్ ఉంటుంది. బలమైన స్ప్రింగులు ప్రెషర్ ప్లేట్ ద్వారా క్లచ్ ప్లేట్‌ను అదిమిపట్టి ఉంచుతాయి. డ్రైవరు పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగ్ ఆ స్ప్రింగులను నొక్కి పట్టు వదిలిస్తుంది. కాలు తీయగానే మళ్లీ పట్టు బిగుస్తుంది.

పెడల్ డ్రైవరు కాలి దగ్గర ఉంటే క్లచ్ ఇంజను దగ్గర ఉంటుంది. ఈ రెండింటి మధ్య కాలి బలాన్ని చేరవేయడానికి తొలినాళ్లలో ఇనుప కడ్డీలు, మీటలు, తీగలు వాడారు. హైడ్రాలిక్ పద్ధతిలో వాటి స్థానంలో ద్రవం ఉంటుంది. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ ద్రవాన్ని గొట్టంలోకి నెడుతుంది. ఆ ద్రవం క్లచ్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్‌లోని పిస్టన్‌ను కదిలిస్తుంది. ఆ పిస్టన్ మీటను నెడితే రిలీజ్ బేరింగ్ కదులుతుంది.

ఒక ఉదాహరణ చూడండి. మాస్టర్ సిలిండర్ వ్యాసం 18 మిల్లీమీటర్లు, స్లేవ్ సిలిండర్ వ్యాసం 21 మిల్లీమీటర్లు అనుకుందాం. వాటి వైశాల్యాల నిష్పత్తి 36 : 49. అంటే స్లేవ్ పిస్టన్ మీద బలం సుమారు 1.36 రెట్లవుతుంది. అయితే అది కదిలే దూరం అదే నిష్పత్తిలో తగ్గుతుంది. మాస్టర్ పిస్టన్ 30 మిల్లీమీటర్లు కదిలితే స్లేవ్ పిస్టన్ సుమారు 22 మిల్లీమీటర్లే కదులుతుంది. బలం పెరిగితే దూరం తగ్గుతుందన్న ఈ లెక్కను గుర్తుంచుకోండి. కదలికలో ఏ కొంచెం వృథా అయినా క్లచ్ పూర్తిగా విడిపోదు. సర్దుబాటు అవసరం ఇక్కడే పుడుతుంది.

4.3 ద్రవ పద్ధతికి పూర్వచరిత్ర

మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్ని దిక్కులా సమానంగా వ్యాపిస్తుందని చెప్పినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్. ఈ విషయంపై ఆయన గ్రంథం ఆయన మరణించిన మరుసటి ఏడు, 1663లో వెలువడింది. ఆ సూత్రాన్ని పారిశ్రామిక యంత్రంగా మలచినవాడు ఇంగ్లండులో తాళాలు, యంత్రాలు తయారుచేసిన జోసెఫ్ బ్రామా. ఆయన హైడ్రాలిక్ ప్రెస్‌కు 1795లో పేటెంటు పొందాడు. సూత్రానికీ యంత్రానికీ మధ్య 130 ఏళ్లకు పైగా ఎడం ఉందని గమనించండి. ఇంత ఆలస్యానికి ఒక ముఖ్య కారణం ద్రవం కారిపోవడం. పిస్టన్ చుట్టూ కారకుండా నిలిపే సీలు లేకపోతే పాస్కల్ సూత్రం కార్ఖానాలో పనికిరాదు. ఒత్తిడి పెరిగేకొద్దీ తనంతట తానే బిగుసుకునే తోలు సీలుతో బ్రామా ప్రెస్ పని చేసింది. ఆ సీలు ఘనతను బ్రామా వద్ద పనిచేసిన హెన్రీ మాడ్‌స్లేకు ఆపాదించడం పరిపాటి.

కార్లలోకి ఈ పద్ధతి మొదట బ్రేకుల ద్వారా వచ్చింది. అమెరికాలో మాల్కమ్ లాక్‌హీడ్ 1917లో హైడ్రాలిక్ బ్రేకుకు పేటెంటు పొందాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్, 1924లో క్రైస్లర్ కార్లు నాలుగు చక్రాలకూ ఇటువంటి బ్రేకులతో వచ్చాయి. ఇక్కడ కూడా అసలు చిక్కు కారడమే. తోలు సీళ్ల స్థానంలో రబ్బరు కప్పులు వచ్చిన తరువాతే ఈ పద్ధతి నమ్మకంగా నిలిచింది.

రబ్బరుతో మరొక సమస్య వచ్చింది. సహజ రబ్బరుకు పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతుంది. అందుకే తొలి దశాబ్దాల బ్రేకు ద్రవాల్లో ఆముదాన్ని ఆల్కహాల్‌తో కలిపి వాడారు. ఆముదం సహజ రబ్బరును పాడుచేయదు. మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మెట్ట రైతులకు బాగా తెలిసిన పంట నుంచి వచ్చే నూనె, పాశ్చాత్య మోటారు పరిశ్రమ ఎదుర్కొన్న ఒక సున్నితమైన సమస్యకు పరిష్కారమైందన్నమాట. తరువాతి కాలంలో గ్లైకాల్ ఆధారిత కృత్రిమ ద్రవాలు ఆముదం స్థానాన్ని ఆక్రమించాయి.

క్లచ్‌కు ఈ పద్ధతి బ్రేకుల తరువాతే విస్తరించింది. బ్రేకు నాలుగు చక్రాలకు సమానంగా పనిచేయాలి కాబట్టి అక్కడ ద్రవం తప్పనిసరి లాభం. క్లచ్ ఒక్కటే గనుక కడ్డీతో పని జరిగిపోయేది. ఇంగ్లండులో 1948లో వచ్చిన మోరిస్ మైనర్ కారు బ్రేకులు హైడ్రాలిక్ పద్ధతిలోనివే అయినా, క్లచ్ మాత్రం చివరి వరకు కడ్డీల పద్ధతిలోనే నడిచింది. మరి అదే డిజైనరు తరువాతి కారులో ద్రవ పద్ధతిని ఎందుకు ఎంచుకున్నాడు?

4.4 1959: మినీ కారు

1956 జులైలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. తరువాత తలెత్తిన సంక్షోభంలో చమురు సరఫరా దెబ్బతిన్నది. బ్రిటన్‌లో 1956 డిసెంబరు నుంచి 1957 మే వరకు పెట్రోలుకు రేషన్ విధించారు. తక్కువ పెట్రోలుతో నడిచే చిన్న కార్లకు గిరాకీ పెరిగింది. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లియొనార్డ్ లార్డ్ అటువంటి కారును రూపొందించే పనిని మోరిస్ మైనర్ సృష్టికర్త అలెక్ ఇసిగోనిస్‌కు అప్పగించాడు.

ఫలితంగా 1959 ఆగస్టు 26న మినీ విడుదలైంది. కారు పొడవు సుమారు 3.05 మీటర్లు, ఇంజను 848 సీసీ. స్థలం ఆదా చేయడానికి ఇసిగోనిస్ ఇంజనును అడ్డంగా పెట్టాడు. గేరుబాక్సును ఇంజను కిందనే అమర్చాడు. రెండింటికీ ఒకటే నూనె. ఇంజను ముందువైపు చక్రాలను తిప్పుతుంది.

ఈ అమరికకు క్లచ్‌తో సంబంధం ఉంది. రబ్బరు దిమ్మెల మీద అడ్డంగా కూర్చున్న ఇంజను, కారు కదిలేటప్పుడు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఊగే ఇంజనుకూ కదలని పెడల్‌కూ మధ్య ఇనుప కడ్డీ ఉంటే, ఆ ఊపు క్లచ్‌కు చేరి కుదుపు రావచ్చు. వంగే రబ్బరు గొట్టంలోని ద్రవానికి ఆ ఇబ్బంది తక్కువ. పైగా గొట్టాన్ని ఇరుకు సందుల్లోంచి కూడా తీసుకుపోవచ్చు. స్టీరింగు ఎడమవైపు ఉండే దేశాలకు కారును ఎగుమతి చేయాలన్నా, కడ్డీల అమరిక మొత్తం మార్చడం కంటే గొట్టం దారి మార్చడం తేలిక.

ఆ ఏడాదే వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్ కూడా హైడ్రాలిక్ క్లచ్ గల కారే. దాని భారతీయ రూపం స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుంచి మద్రాసులో తయారైంది.

4.5 సర్దుబాటు: పని, దాని వెనుక తర్కం

ఇప్పుడు బోల్టు దగ్గరికి వద్దాం. పెడల్ మీద కాలు లేనప్పుడు రిలీజ్ బేరింగ్ క్లచ్‌కు తగలకుండా కొంచెం ఎడంగా ఉండాలి. తగులుతూనే ఉంటే బేరింగ్ అరిగిపోతుంది, పట్టు సడలుతుంది. మినీలో స్ప్రింగు ఒకటి క్లచ్ మీటను వెనక్కి లాగి ఒక ఆపుడు బోల్టుకు ఆనించి ఉంచుతుంది. ఈ బోల్టు ఎంత లోపలికి ఉందన్నదే ఆ ఎడాన్ని నిర్ణయిస్తుంది. పనివాళ్లు దీనిని ‘ఫ్రీ ప్లే’ అంటారు.

డయాఫ్రమ్ స్ప్రింగు క్లచ్ గల మినీలకు, అంటే 1964 తరువాతి వాటికి, వర్క్‌షాప్ పుస్తకాలు చెప్పే కొలత 0.020 అంగుళం, అంటే 0.5 మిల్లీమీటరు. చేసే విధానం ఇది. మీటను స్ప్రింగు బలానికి ఎదురుగా చేత్తో లాగాలి. బేరింగ్ క్లచ్‌కు తగిలిన క్షణం చేతికి అడ్డు తెలుస్తుంది. అక్కడ ఆపి, మీటకూ బోల్టుకూ మధ్య ఫీలర్ గేజ్ రేకును దూర్చి ఖాళీని కొలవాలి. తేడా ఉంటే లాక్‌నట్‌ను వదులు చేసి, బోల్టును తిప్పి, మళ్లీ కొలిచి, లాక్‌నట్ బిగించాలి. బిగించాక ఇంకొకసారి కొలవాలి. ఎందుకంటే నట్టు బిగించేటప్పుడు బోల్టు కూడా కొద్దిగా తిరగవచ్చు.

ఈ పనిని మళ్లీ మళ్లీ ఎందుకు చేయాలి? క్లచ్ ప్లేట్ పూత అరిగేకొద్దీ స్ప్రింగు కొసలు రిలీజ్ బేరింగ్ వైపు జరుగుతాయి. అర మిల్లీమీటరు ఖాళీ క్రమంగా తగ్గి సున్నా అవుతుంది. అప్పుడు క్లచ్ జారడం మొదలవుతుంది. ఇంజను అరుస్తుంది గాని కారు వేగం అందుకోదు. ఖాళీ మరీ ఎక్కువైతే దీనికి విరుద్ధం. క్లచ్ పూర్తిగా విడిపోదు, గేరు వేసేటప్పుడు గరగర శబ్దం వస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. ‘హైడ్రాలిక్ క్లచ్ వచ్చింది కనుక సర్దుబాటు అక్కరలేకుండా పోయింది’ అనడం సగం నిజం మాత్రమే. 1962లో వచ్చిన ఎమ్‌జీబీ అనే కారులో ఇలా బయటినుంచి సర్దే బోల్టు లేదు. ప్లేట్ అరిగేకొద్దీ స్లేవ్ పిస్టన్ తన విశ్రాంతి స్థానాన్ని తానే మార్చుకుంటుంది. మిగిలిన ద్రవం డబ్బాలోకి తిరిగిపోతుంది. మినీలో మీటను ఆపే బోల్టు ఉండడం వల్ల ఆ సౌలభ్యం లేదు. రెండూ ద్రవ పద్ధతి క్లచ్‌లే, రెండూ ఒకే సంస్థ కార్లే. అయినా ఒకదానిలో సర్దుబాటు పనివాడిది, మరొకదానిలో అది యంత్రానిదే. సాంకేతికత ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించదు, డిజైనరు చేసిన ఎంపిక కూడా నిర్ణయిస్తుంది.

4.6 ఒకే లక్షణం, వేర్వేరు కారణాలు

గేరు సరిగా పడటం లేదని కారు వచ్చిందనుకోండి. ఖాళీ ఎక్కువై ఉండవచ్చు. గొట్టంలో గాలి చేరి ఉండవచ్చు. గాలి నలుగుతుంది, ద్రవం నలగదు. అందువల్ల పెడల్ కదలికలో కొంత గాలిని నొక్కడానికే పోతుంది. దీనికి మందు బోల్టు తిప్పడం కాదు, బ్లీడింగ్ చేసి గాలిని బయటికి పంపడం. రబ్బరు సీలు పాడై ద్రవం కారుతూ ఉండవచ్చు. గ్లైకాల్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాత ద్రవాన్ని మార్చకపోతే ఆ తేమ సిలిండర్ లోపలి గోడను తుప్పు పట్టిస్తుంది, ఆ గరుకుకు సీలు అరుగుతుంది. ఇవేవీ కాకుండా పెడల్ పిన్ను, మీట కొస అరిగి కదలిక మధ్యలోనే పోతూ ఉండవచ్చు.

వీటిలో ఏది కారణమైనా ఆపుడు బోల్టును అటూ ఇటూ తిప్పి కొంతకాలం బండి నడిపించవచ్చు. కాని అది జబ్బును వదిలి జ్వరాన్ని తగ్గించడం వంటిది. మంచి మెకానిక్ మొదట డబ్బాలో ద్రవం ఎంత ఉందో చూస్తాడు, కారుతున్నదేమో చూస్తాడు, మరొకరి చేత పెడల్ తొక్కించి మీట ఎంత కదులుతున్నదో చూస్తాడు. బోల్టు మీద స్పానర్ పెట్టడం చివరి పని.

చరిత్ర విద్యార్థికి ఈ క్రమం పరిచితమే. ఒక తిరుగుబాటుకో కరువుకో కంటికి మొదట కనిపించిన కారణాన్ని రాసి ఊరుకోము. అదే లక్షణాన్ని కలిగించగల ఇతర కారణాలను ఒక్కొక్కటిగా పరీక్షించి తోసిపుచ్చుతాము.

4.7 పుస్తకం కొలవని విషయం

సర్దుబాటుకు ఒక హద్దు ఉంది. పూత పూర్తిగా అరిగిపోయాక బోల్టు తిప్పినా ప్రయోజనం ఉండదు. క్లచ్ విప్పి కొత్త ప్లేట్ వేయాలి. అరిగిన పూత ఎక్కడికి పోయింది? పొడిగా మారి క్లచ్ కవరు లోపల పేరుకుంది. ఆనాటి పూతల్లో ప్రధాన పదార్థం ఆస్‌బెస్టాస్. విప్పినప్పుడు ఆ దుమ్మును గాలితో ఊది శుభ్రం చేయడం వర్క్‌షాపుల్లో మామూలు అలవాటు.

ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తుందని మెరీవెదర్, ప్రైస్ అనే ఇద్దరు అధికారులు 1930లోనే బ్రిటిష్ ప్రభుత్వానికి నివేదించారు. 1931లో నిబంధనలు వచ్చాయి. అవి ప్రధానంగా ఆస్‌బెస్టాస్ వస్తువులు తయారుచేసే ఫ్యాక్టరీలను ఉద్దేశించినవి. అదే వస్తువు అరిగి దుమ్మయిన చోట, గ్యారేజీలో కారు కింద పడుకున్న మనిషి వాటి దృష్టిలో లేడు. తెల్ల ఆస్‌బెస్టాస్‌తో సహా ఈ పదార్థం వాడకాన్ని బ్రిటన్ పూర్తిగా నిషేధించినది 1999లో. బేరింగ్‌కు ఎంత ఖాళీ ఉండాలో అంగుళంలో వెయ్యో వంతుల్లో కొలిచిన కాలం, మెకానిక్ ఎంత దుమ్ము పీలుస్తున్నాడో చాలా ఆలస్యంగా అడిగింది. ఒక ఆధారాన్ని చదివేటప్పుడు అందులో ఏది కొలిచారు, ఏది కొలవలేదు అని తప్పక చూడండి.

4.8 జ్ఞానం ఎవరి చేతిలో ఉంది?

కారు సంస్థలు తమ వర్క్‌షాప్ పుస్తకాలను ముఖ్యంగా డీలర్ల మెకానిక్‌ల కోసం రాశాయి. వాటిలో చాలా విషయాలు పాఠకుడికి ముందే తెలుసుననే భావన కనిపిస్తుంది. 1960లలో మరో రకం పుస్తకం వచ్చింది. బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేస్తున్న జాన్ హేన్స్ ఒక ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారును విప్పుతూ ప్రతి దశనూ ఫొటో తీయించి, 1966లో తన తొలి మరమ్మతు పుస్తకాన్ని ప్రచురించాడు. కారు యజమానే తన ఇంటి ముందు పనిచేసుకోవడానికి అది ఉద్దేశించినది. సంస్థ చేతిలోని జ్ఞానం సామాన్యుడి చేతికి అందింది.

తరువాత దిశ మారింది. 1982 నుంచి మినీలో ‘వెర్టో’ రకం క్లచ్ వచ్చింది. దానితో ఆపుడు బోల్టును క్రమం తప్పకుండా సర్దే అవసరం తొలగిపోయింది. 2000 సంవత్సరంలో ఉత్పత్తి ఆగేనాటికి మొత్తం 53 లక్షలకు పైగా మినీలు తయారయ్యాయి. నేటి అనేక కార్లలో స్లేవ్ సిలిండర్ గేరుబాక్సు లోపలే ఉంటుంది. సర్దవలసింది ఏమీ లేదు. కాని సీలు కారితే గేరుబాక్సు దింపవలసిందే.

ఇది లాభమా, నష్టమా? రెండూ ఉన్నాయి. డ్రైవరుకు చాకిరీ తగ్గింది, దారి మధ్యలో ఆగిపోవడం తగ్గింది. అదే సమయంలో యజమానీ, వీధి చివరి మెకానిక్కూ చేయగలిగిన పని తగ్గింది, చిన్న లోపానికి పెద్ద ఖర్చు వచ్చింది. బోల్టు ఉన్నంత కాలం, తన యంత్రం అరుగుతుందనీ దానిని ఎవరో ఒకరు సరిచేస్తూ ఉండాలనీ తయారీదారు ఒప్పుకున్నట్టే. బోల్టు పోవడంతో ఆ ఒప్పందం కూడా మారింది.

4.9 సారాంశం

పాస్కల్ సూత్రం కారు క్లచ్ దాకా రావడానికి తోలు సీలు, రబ్బరు కప్పు, ఆముదం వంటి సామాన్య వస్తువులు తోడ్పడ్డాయి. సూయజ్ సంక్షోభం చిన్న కారును కోరింది. అడ్డంగా పెట్టిన ఇంజనుకు ద్రవ పద్ధతి క్లచ్ అనువుగా కుదిరింది. ఆ క్లచ్‌లోని అర మిల్లీమీటరు ఖాళీని నిలబెట్టడం మెకానిక్ నైపుణ్యమైంది. ఆ నైపుణ్యం మొదట పుస్తకాల ద్వారా విస్తరించింది, తరువాత యంత్రంలోకే వెళ్లిపోయింది. ఒక భాగం మాయమైనప్పుడు దానితోపాటు ఏ పని, ఎవరి జ్ఞానం, ఏ ప్రమాదం మాయమయ్యాయో అడగడం సాంకేతిక చరిత్రకారుడి బాధ్యత.

4.10 మాదిరి ప్రశ్నలు

1. మినీ కారులో హైడ్రాలిక్ క్లచ్ అనువుగా ఉండడానికి గల కారణాలను వివరించండి.
2. క్లచ్ ప్లేట్ అరిగేకొద్దీ ‘ఫ్రీ ప్లే’ ఎందుకు తగ్గుతుంది? తగ్గితే ఏమవుతుంది?
3. ‘హైడ్రాలిక్ పద్ధతి సర్దుబాటు అవసరాన్ని తొలగించింది.’ ఈ వాక్యాన్ని మినీ, ఎమ్‌జీబీ కార్ల ఆధారంగా విమర్శనాత్మకంగా పరిశీలించండి.

అభ్యాసం: విజయవాడ ఆటోనగర్‌లో గాని, మీ ఊరిలో గాని చాలాకాలంగా పనిచేస్తున్న ఒక మెకానిక్‌ను కలవండి. తాను నేర్చుకున్న పనుల్లో ఇప్పుడు ఎవరూ అడగని పని ఏదో అడిగి తెలుసుకోండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ పుస్తకం చూశారో, ఆ పనిలో ఆరోగ్యానికి ఏమైనా హాని జరిగిందో కూడా అడగండి. ఆయన వాడిన మాటలను మార్చకుండా రెండు పేజీలు రాయండి.